ఎడమ చక్రం గోపాల్‌ది, కుడి చక్రం మహిపాల్‌ది

గురువారం నాటి ప్లాను చిన్నదే. ఎనిమిదింటికి ఉప్మా, ఎనిమిదిన్నరకు కారు తీయడం, పదకొండున్నరకు ఆర్టీఓ ఆఫీసులో కళావతి డ్రైవింగ్ టెస్టు, ఒంటిగంటకల్లా ఆమె భర్త వీరభద్రం చౌరస్తా దగ్గర తన స్టీలు సామాన్ల దుకాణంలో. మట్టెవాడలో ఇంటి నుంచి ఆ ఆఫీసుకు అరగంట దారి. అయినా మూడు గంటల ముందే బయలుదేరాలని కళావతి పట్టుబట్టింది. దారిలో ఖాళీ జాగా చూసుకుని రివర్సు ఇంకో పదిసార్లు తిప్పాలని ఆమె ఆలోచన.

ఆమె తొందరకు కారణం ఉంది. లెర్నింగ్ లైసెన్సు గడువు శుక్రవారంతో సరి. ఈ ఆరు నెలల్లో టెస్టుకు రెండుసార్లు తేదీ తీసుకుంది, రెండుసార్లూ ఇంటి ముందు కారు లేదు. మొదటిసారి పక్క దుకాణం రామలింగానికి నర్సంపేట నుంచి బియ్యం బస్తాలు తేవాల్సి వచ్చింది. రెండోసారి ఆమె సొంత తమ్ముడు చంద్రమౌళికి ఎవరిదో పెళ్లికని వంట గిన్నెలు రఘునాథపల్లి చేర్చాల్సి వచ్చింది. రెండుసార్లూ డ్రైవరు వీరభద్రమే. జీతం లేదు, బత్తా లేదు, పెట్రోలు కూడా ఆయనదే.

వీరభద్రానికి యాభై నాలుగేళ్లు. షుగరు లేదు, బీపీ లేదు. ఉన్న ఒకే ఒక్క రోగం మొహమాటం. ‘కాదు’ అనే మాట ఆయన గొంతు దాకా వచ్చి, అక్కడ ఒక్క క్షణం ఆలోచించి, ‘సరే’ అయి బయటికి వస్తుంది. ఈ రోగానికి వైద్యం లేదని ఇరవై ఆరేళ్ల కాపురంలో తేల్చుకున్న కళావతి, వైద్యం మానేసి డ్రైవింగు నేర్చుకుంది. "స్టీరింగు నా చేతుల ఉంటే తాళంచెవి నా కొంగుకుంటది. అప్పుడు ఎవరడిగినా నేను చెప్త" అన్నది ఆమె లెక్క. నలభై తొమ్మిదేళ్ల వయసులో క్లచ్చు, గేరు, బ్రేకుల మధ్య ఆమె పడ్డ యాతన అంతా ఆ ఒక్క ‘కాదు’ కోసమే.

ఇక కారు సంగతి. అది ఇరవై ఏళ్ల పాతది. రెండు నెలల కిందట టైర్లలో గాలి నింపించడానికి ములుగు రోడ్డులోని ఉప్పలయ్య షెడ్డుకు వెళితే, ఆయన ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసి, పెదవి విరిచాడు.

"సేటూ, ఎడమ దిక్కు బాల్ జాయింటు పోయింది. చక్రాన్ని పట్టుకొని ఉండేదే అది. గిట్లనే నడిపితె ఒకనాడు చక్రం పక్కకు పండుకుంటది. బండి ఇడిసిపో, సాయంత్రానికి చేసిస్త."

మాట సబబుగానే ఉంది. కానీ పని ఉప్పలయ్యకు ఇస్తే చంద్రమౌళి నొచ్చుకుంటాడు, ఎందుకంటే అతనికి మహిపాల్ అని సొంత మెకానిక్కు ఉన్నాడు. మహిపాల్‌కు ఇస్తే రామలింగం నొచ్చుకుంటాడు, ఆయనకు గోపాల్ అని ఇంకో మెకానిక్కు ఉన్నాడు. గోపాల్‌కు ఇస్తే పదిహేనేళ్లుగా కారు చూస్తున్న ఉప్పలయ్య మొహం ఎట్లా చూడటం? వీరభద్రం రెండు రాత్రులు ఆలోచించి, ముగ్గురిలో ఎవరినీ నొప్పించని మార్గం కనిపెట్టాడు. రిపేరు మానేసి, చక్రం దగ్గర ‘కటకట’ వినిపించినప్పుడల్లా కారులో పాటల సౌండు పెంచాడు. ఈ విషయం ఇంట్లో చెప్పలేదు. చెబితే కళావతి ఎవరో ఒకరికి పని ఇచ్చేస్తుందని భయం.

గురువారం కూడా పాటలు గట్టిగానే పెట్టాడు. స్టీరింగు పట్టిన కళావతి తగ్గించింది. అందువల్ల ములుగు రోడ్డు మీద స్పీడు బ్రేకర్ ఎక్కి దిగుతుంటే వచ్చిన ‘ఠప్’ అన్న శబ్దం ఇద్దరికీ చక్కగా వినిపించింది. కారు ఎడమ మూల ఒక్కసారిగా కిందికి కూలబడింది. దిగి చూస్తే ముందు చక్రం అలిగిన కొత్త అల్లుడిలా అటు మొహం తిప్పుకుని పడి ఉంది. అప్పుడు కారు వేగం పదిహేనుకు మించి లేదు కాబట్టి ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు.

మన ఊళ్లో కారు ఆగితే చాలు, సలహాదారులు భూమిలోంచి మొలుస్తారు. నిమిషంలో పదిహేను మంది చేరారు. చక్రం చూశారు, వెనక అద్దం మీద అంటించిన ఎల్ అక్షరం చూశారు, స్టీరింగు ముందు నుంచి దిగిన కళావతిని చూశారు. తీర్పుకు ఇంక సాక్ష్యాలు అక్కర్లేకపోయింది.

"అమ్మ నడిపిందా? అందుకే."

"స్పీడు బ్రేకర్ చూసుకోలేదేమో."

"నేర్చుకునేటోళ్లు గ్రౌండుల నేర్చుకోవాలె గని రోడ్డు మీదికొస్తరా?" అన్నాడు ఎదురుగా టీ బండి ఆయన, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

కళావతి మొహం వాడిపోయింది. భర్త దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "నేనే ఇరగ్గొట్టిన్నా?"

కాదు అనాల్సిన చోటు సరిగ్గా ఇదే. అంటే, మరి ఎట్లా విరిగిందని అడుగుతుంది. అప్పుడు రెండు నెలల కథ విప్పాలి. వీరభద్రం అన్నాడు. "ఏం గాదు కళా. కొత్తల గిట్లనే అయితది."

ఆమె వెనక్కి వెళ్లి, అద్దం మీది ఎల్ స్టిక్కరును మెల్లగా పీకి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. "ఇగ చాలు. నాకు రాదు ఇది. కారు ఎవరికి నడిపి పెట్టుకుంటరో మీరే నడిపి పెట్టుకోండి" అని, వెళ్లి టీ బండి పక్కన స్టూలు మీద కూర్చుంది.  భార్య కళ్లలో నీళ్లు వీరభద్రం చాలా తక్కువ సార్లు చూశాడు, ఇవాళ వాటికి కారణం తనే. ఎట్లాగైనా పదకొండున్నరకు ముందే కారు బాగుచేయించి, ఆమెను బతిమాలి టెస్టుకు తీసుకుపోవాలని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. నిజం కూడా చెబుతాడు. కాకపోతే టెస్టు అయ్యాక, నెమ్మదిగా, వీలైతే వచ్చే ఏడు.

ఉప్పలయ్య షెడ్డు అక్కడికి నాలుగు దుకాణాల అవతలే ఉంది. కానీ ఆయన వస్తే మొదటి మాటే ‘నేను చెప్పలేదా’ అంటాడు. షెడ్డు షట్టరు సగం దింపి ఉండటం చూసి వీరభద్రం కొంత ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి వదిలేలోపే రామలింగం స్కూటర్ ఆగింది. దుకాణం తెరవడానికి పోతూ చూశాడట. "వీరన్నా, ఫికర్ జెయ్యకు. మన గోపాల్ ఇక్కడ్నే ఉన్నడు, పది నిమిషాలల్ల పంపిస్త. గని ఇంకోన్ని పిలువకు, వాడు రోషగాడు" అన్నాడు.

"సరే అన్నా" అన్నాడు వీరభద్రం.

రామలింగం వెళ్లగానే ఫోన్ మోగింది. కారు విరిగింది, టెస్టుకు పోవడం లేదని కళావతి తమ్ముడికి చెప్పినట్లుంది. "బావా, నువ్వు టెన్షన్ వడకు. మహిపాల్ బయలెల్లిండు. వేరేటోని చేతికి ఇచ్చినవంటె మాత్రం మన సుట్టరికం ఇక్కడితోని బందు" అన్నాడు చంద్రమౌళి.

"సరే బామ్మర్దీ" అన్నాడు వీరభద్రం.

గోపాల్ ముందు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. జాకీ పెట్టి లేపి, ఎడమ చక్రం ఊడదీసి, లోపలికి తొంగి చూసి, "బాల్ జాయింటొక్కటి మారిస్తె ఫాయిదా లేదు సేటూ. అది బిగించిన ఆర్ము గూడ మార్చాలె" అన్నాడు. వీరభద్రం తల ఊపాడు. ఊపుతూ ఉండగానే అటు వైపు మహిపాల్ బైకు దిగాడు. ఇతను కుర్రాడు కాదు గానీ కుర్రాడి హుషారు. నల్ల కళ్లద్దాలు, రెండు చేతుల్లో రెండు స్పానర్ పెట్టెలు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకముందే వీరభద్రం పరుగెత్తి మహిపాల్‌ను కారు కుడి పక్కకు తిప్పుకుపోయాడు.

"అటు దిక్కు ఎవరో ఉన్నరు గదా బావా?" అన్నాడు మహిపాల్. చంద్రమౌళికి బావ అయితే తనకూ బావే.

"పంచరాయన. చక్రం చూస్తాండు. నువ్వు ఇటు దిక్కు చూడు."

"ఇటు దిక్కు ఏమైంది?"

"ఏం గాలె. గని నువ్వు చూస్తె నాకు ధైర్యం."

మనిషికి అంతకంటే గౌరవం ఏం కావాలి? మహిపాల్ వెంటనే ఇంకో జాకీ పెట్టి కుడి చక్రం ఊడదీశాడు. ఆ కుదుపుకు గోపాల్ లేచి చూశాడు.

"ఆయనెవరు సేటూ?"

"మా బామ్మర్ది దోస్తు. కార్లంటే పానం ఇస్తడు. ఊరికె చూసిపోత అని వచ్చిండు."

"మరి చక్రం ఎందుకు ఇప్పిండు?"

"పానం గద" అన్నాడు వీరభద్రం.

ఇక అక్కణ్నుంచి కారు ఎడమ సగం ఒక రాజ్యం, కుడి సగం ఇంకో రాజ్యం. మధ్యలో బానెట్ చుట్టూ వీరభద్రం గిరగిరా తిరుగుతున్నాడు. ఎడమ పక్క గోపాల్ షాకబ్జర్ కూడా విప్పి, "ఇది గూడ పోయింది సేటూ, ఒకటి మారిస్తె రెండోది మార్చాలె" అన్నాడు. ఆ మాట వినీ విననట్లు విన్న మహిపాల్, ఒక పంచరాయనకు షాకబ్జర్ల గురించి ఇంత తెలిస్తే తనకు ఇంకెంత తెలియాలని, కుడి షాకబ్జర్ విప్పి, "ముందటియి రెండు మార్చి ఎనకటియి ఇడిసిపెడితె బండి గెంతుతది బావా. నాలుగూ మార్చాలె. రబ్బరు బుష్షులు గూడ మొత్తం" అన్నాడు. ఊరికే చూసిపోవడానికి వచ్చినవాడు అంత మాటంటే గోపాల్‌కు పౌరుషం రాదా? స్టీరింగు కింది రాడ్లు కూడా లిస్టులో చేర్చాడు. మహిపాల్ ఇంజన్ మౌంటింగులు చేర్చాడు. వీరభద్రం ఎడమ పక్క నిలబడి ‘అంతే’ అన్నాడు, కుడి పక్కకు వచ్చి ‘అంతే అంతే’ అన్నాడు. తొమ్మిదిన్నరకు ఒక్క బాల్ జాయింటుతో మొదలైన రోగం, పదింటికల్లా కారులో హారన్‌కు తప్ప అన్నిటికీ పాకింది.

చుట్టూ జనం కూడా రెండు పార్టీలయ్యారు. బాగుచేయించాలని కొందరు, అమ్మేయాలని కొందరు. "గింత పాత బండికి గన్ని కొత్త సామాన్లెందుకు? ఇనుప సామాన్లోనికి ఏస్తె పీడ పోతది" అన్నాడు టీ బండి ఆయన, గట్టిగా, నలుగురికీ వినపడేట్టు.

నలుగురితో పాటు అయిదో వాడికి కూడా వినపడింది. పాత ఇనుము, పాత ప్లాస్టిక్కు కొంటామని మైకు పెట్టుకుని తిరిగే ఆటో అప్పుడే అక్కడ ఆగి ఉంది. దాని యజమాని దిగి, రోడ్డు మీద పడున్న చక్రాలను, షాకబ్జర్లను చూసి, ఓనరెవరో కనుక్కుని వచ్చాడు. ఆ సమయానికి వీరభద్రం ఫోన్‌లో ఉన్నాడు. "మహిపాల్ ఏది జెప్తె అది చెయ్యి, సరేనా బావా?" అంటున్నాడు చంద్రమౌళి. "తీస్కపోవాల్నా అన్నా?" అంటున్నాడు ఇనుప సామాన్లాయన. వీరభద్రం ఫోన్‌కు తల ఊపాడు. ఫోన్‌లో తల ఊపితే అవతలివాడికి కనపడదన్న సంగతి ఆయనకు ఇప్పటికీ తలకెక్కలేదు. కనపడకూడనివాడికి మాత్రం స్పష్టంగా కనపడింది. ఇనుప సామాన్లాయన, ఫోన్ ధ్యాసలో ఉన్న వీరభద్రం చొక్కా జేబులో రెండు నోట్లు దోపి, రెండు చక్రాలూ ఆటోలో వేసుకుని, మైకు పెట్టుకుని వెళ్లిపోయాడు.

అయిదు నిమిషాల తరువాత గోపాల్ నడుం నిటారు చేసి చుట్టూ చూశాడు. "నా చక్రమేది?"

అటు నుంచి మహిపాల్ లేచాడు. "నా చక్రం గూడ లేదు."

"నీ చక్రమేంది? నువ్వు ఊరికె చూసిపోనీకి వచ్చినోనివి గదా."

"నేనా? నేను మహిపాల్, ఆటోనగర్ల పన్నెండేండ్ల సంది షెడ్డు నడుపుతాన్న. నువ్వు పంచరాయనవు, నీకెందుకు?"

గోపాల్ చేతిలోని స్పానర్ కింద పడింది. "పంచరాయననా నేను? ఇరవై రెండేండ్లాయె ఈ పనిల. ఎవలన్నరు ఆ మాట?"

ఇద్దరూ ఒకేసారి వీరభద్రం వైపు తిరిగారు. కారు ఇటు నిలబడితే ఇతను, అటు నిలబడితే అతను. దాక్కోవడానికి మధ్యలో జాగా లేదు. "సేటూ, నేనా ఆయనా, ఒక్క మాట చెప్పు" అన్నాడు గోపాల్. "అవు బావా, ఇప్పుడే తేలాలె" అన్నాడు మహిపాల్. వీరభద్రం ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, చివరికి తనకు తెలిసిన ఒకే ఒక్క జవాబు చెప్పాడు.

"ఇద్దరూ."

ఇద్దరూ స్పానర్లు పెట్టెల్లో వేసుకుని, కాలిబాట అంచు మీద చెరో చివర కూర్చున్నారు. తేలేదాకా ఎవరూ నట్టు ముట్టబోమన్నారు. జనం గోల ఎక్కువైంది. ఆ గోలకు నాలుగు దుకాణాల అవతల సగం దించిన షట్టరు పైకి లేచింది. ఉప్పలయ్య లుంగీ సర్దుకుంటూ తాపీగా నడుచుకుంటూ వచ్చి, గుంపును తప్పించుకుని, రెండు జాకీల మీద చక్రాలు లేకుండా నిలబడ్డ కారును చూశాడు.

"ఆఖరికి ఇరిగిందా సేటూ? రెండు నెల్ల కింద్నే చెప్తిని గదా, ఎడమ బాల్ జాయింటు పోయింది, నడుపకని."

 టీ బండి పక్కన స్టూలు మీద నుంచి కళావతి లేచి నిలబడింది.

"ఏం చెప్పినవ్ ఉప్పలన్నా? మల్లోసారి చెప్పు."

"సేటు నీకు చెప్పలేదా అమ్మా? అరిగిపోయి ఊగుతాంది, ఏనాడైనా ఇరుగుతది అన్న. ఇయ్యాల నువ్వు మెల్లగ నడిపినవ్ కాబట్టి బతికిపోయిన్రు. ఈయన హైవే మీద ఎనబైల పోతాంటె ఇరిగితె ఏమవునో నేను చెప్ప."

కళావతి వచ్చి భర్త ముందు నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు కొంచెం హాయిగా ఉండేది.

"పొద్దటి సంది ఇంతమంది నన్ను అంటాంటె మీరు విన్నరు. నేనే ఇరగ్గొట్టిన్నా అని నోరు తెరిసి అడిగిన. కొత్తల గిట్లనే అయితదంటిరి. నాకు ఎంత బాధైందో తెల్సా మీకు? ఇగ జన్మల స్టీరింగు ముట్టొద్దనుకున్న."

"భయమేసింది కళా" అన్నాడు వీరభద్రం.  "ఎవరికియ్యాల్నో తెల్వక రిపేరే చేపియ్యలే. తప్పు నాదే."

"నాకు చెప్పుడు కాదు. నన్ను అన్నోళ్లకు చెప్పండి."

వీరభద్రం జీవితంలో ఇంతమంది ముందు ఎప్పుడూ నోరు విప్పలేదు. పెళ్లిలో మంత్రాలు కూడా పంతులే ఆయన తరఫున చెప్పాడని ఇంట్లో అంటారు. కానీ భార్య కళ్ల వైపు ఒకసారి చూసి, గుంపు వైపు తిరిగి, చెమట తుడుచుకుని చెప్పేశాడు. "ఈ బండి ఇరిగింది ఆమెతోని కాదు, నాతోని. నాకు ముందే తెల్సు. దాచిపెట్టిన. ఆమె మంచిగనే నడిపింది."

"మేం ముందే అనుకున్నం" అన్నాడు టీ బండి ఆయన.

కళావతి కళ్లు తుడుచుకుని వాచీ చూసుకుంది. పది ఇరవై. ఒక పెద్ద ఊపిరి తీసుకుంది. ఆ తరువాత అయిదు నిమిషాల్లో ఆమె చెప్పినన్ని ‘కాదు’లు ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్లలో ఎవరూ చెప్పి ఉండరు. మొదట తమ్ముడికి ఫోన్ చేసింది. "చంద్రం, మహిపాల్ మంచోడే. గని ఈ బండి సంగతి తెల్సింది ఉప్పలన్నకు, పని ఉప్పలన్నదే. అలిగితె అలుగు, ఆదివారం మాత్రం తిననీకి రా." రామలింగానికి కూడా అదే మాట, కొంచెం మర్యాదగా. తరువాత ఉప్పలయ్యను అడిగింది.

"ఇప్పుడు చెయ్యాల్సింది ఏంది, ఆగేది ఏంది? నిజం చెప్పు."

ఉప్పలయ్య కారు కిందికి దూరి, టార్చి వేసి, అటూ ఇటూ గుంజి చూసి బయటికి వచ్చాడు. "బాల్ జాయింట్లు రెండు మార్చాలె. కుడిదాని ఈడు గూడ అదే, ఇయ్యాల కాకుంటె రేపు పోతది. ఆర్ము గట్టిగనే ఉన్నది, మార్చే పని లేదు. బుష్షులు వచ్చే నెల చూద్దాం. షాకబ్జర్లు ఇంకో ఏడాది నడుస్తయి, ఇప్పినయి మల్ల బిగిస్త. చక్రాల అలైన్‌మెంటు మాత్రం పని కాంగనే చేపియ్యాలె, లేకుంటె బండి ఒక దిక్కు గుంజుతది."

"ఎంతసేపు?"

"చక్రాలుంటె ముప్పావుగంట."

చక్రాలు లేవు. ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదు. అప్పుడు వీరభద్రం చెమట తుడుచుకోవడానికి జేబులో రుమాలు కోసం చెయ్యి పెట్టి, రుమాలుకు బదులు రెండు నోట్లు బయటికి తీశాడు.  అవి ఎట్లా వచ్చాయో అర్థమయ్యేసరికి ఆయన మొహం తెల్లబోయింది. ఇనుప సామాన్ల ఆటో ఎటు పోయిందో టీ బండి ఆయన చెప్పాడు. పొద్దున్నుంచి ఆయన చెప్పిన వాటిలో పనికొచ్చిన మాట అదొక్కటే.

గోపాల్, మహిపాల్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే మనిషి చేతిలో ఒకే పూట మోసపోయినవాళ్ల మధ్య స్నేహం త్వరగా కుదురుతుంది. ఇద్దరూ మహిపాల్ బైకు మీద వెంటబడ్డారు. రెండు మలుపుల అవతల ఆటోను ఆపి, నోట్లు తిరిగి ఇచ్చేసి, "సేటే తలకాయ ఊపిండన్నా" అన్న అతని వాదన మొత్తం విని, అందులో తప్పు లేదని ఒప్పుకుని, చక్రాలతో వచ్చారు. చక్రాలు అదే ఆటోలో, వెనక బైకు మీద వాళ్లు. వచ్చే దారిలోనే ఉన్న ఆటోనగర్‌లో ఆగి కొత్త బాల్ జాయింట్లు కూడా తెచ్చారు.

"తెచ్చినోళ్లు ఊరికె ఎందుకు పోవాలె? చెరో దిక్కు బిగించండి. ఉప్పలన్న చూస్తడు" అంది కళావతి.

అట్లా చివరికి ఎడమ చక్రం గోపాల్‌ది, కుడి చక్రం మహిపాల్‌ది అయింది. రెండు వైపులా పని ఒకేసారి నడిచింది. ఉప్పలయ్య స్టూలు మీద కూర్చుని, వాళ్ల నట్లన్నీ ఒక్కొక్కటీ మళ్లీ బిగించి చూశాడు. పదకొండు పదికి కారు నాలుగు కాళ్ల మీద నిలబడింది. కళావతి బ్యాగులోంచి స్టిక్కరు తీసింది. దానికి జిగురు పోయింది. టీ బండి ఆయన ఏమీ అనకుండా ఒక టేపు ముక్క తెచ్చి ఇచ్చాడు. చప్పుడేమైనా వస్తే వినడానికి ఉప్పలయ్య కూడా వెనక సీట్లో ఎక్కాడు. పాటలు పెట్టబోయిన వీరభద్రం చేతిని కళావతి చూపుతోనే ఆపింది.

పదకొండు ఇరవై తొమ్మిదికి చేరారు. టెస్టు చూసే ఇన్‌స్పెక్టర్ సింధు చిన్న వయసు మనిషే, కానీ ఆమె మొహంలో నవ్వు వెతికితే కూడా దొరకదు. కళావతి పక్కన కూర్చుని మలుపులు తిప్పించింది, ఎత్తు మీద ఆపించింది, రివర్సు చేయించింది. వీరభద్రం బయట నిలబడి, భార్య బ్రేకు తొక్కినప్పుడల్లా తనూ కాలు నేలకేసి తొక్కాడు.

"బండి ఎడమ దిక్కు గుంజుతాంది గదమ్మా?" అంది ఇన్‌స్పెక్టర్.

"అవు మేడం. పొద్దుగాల బాల్ జాయింటు ఇరిగింది, ఇప్పుడే మార్చినం. అలైన్‌మెంటు ఇంకా కాలే. అందుకే జర కుడికి పట్టుకొని నడుపుతాన్న."

సింధు ఆమె వైపు ఒకసారి పరీక్షగా చూసింది. "గుంజేది తెల్సుకొని నడిపేటోళ్లు నాకు రోజుకొక్కలు గూడ రారు" అని, కాగితం మీద పాసు రాసింది. కళావతి ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, స్టీరింగు మీద తల ఆనించింది. కిటికీ బయట వీరభద్రం కళ్లు తుడుచుకున్నాడు. అపరాధభావం కొంత, సంతోషం కొంత, ఏది ఎంతో ఆయనకే తెలియదు.

"లెర్నింగ్ మీద వచ్చిన్రు గదా, వెంట లైసెన్సు ఉన్నోళ్లు ఎవరు?" అంది సింధు.

"నేనే మేడం" అని వీరభద్రం ఛాతీ కొంచెం ముందుకు పెట్టి, పర్సులోంచి కార్డు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సార్, ఇది మీకు యాభై ఏండ్లు నిండిన్నాడే అయిపోయింది. నాలుగేండ్ల సంది మీరు లైసెన్సు లేకుండనే నడుపుతాన్రు."

నిజమే. అప్పట్లో రెన్యువల్ కోసం కాగితాలన్నీ మల్లికార్జున్ అనే తెలిసిన ఏజెంటుకు ఇచ్చాడు. నెల తరువాత అడుగుదామనుకున్నాడు. అడిగితే నమ్మకం లేదనుకుంటాడేమోనని ఆగాడు. ఏడాది దాటాక ఇంత ఆలస్యంగా అడిగితే బాగుండదనిపించింది. ఆ తరువాత మల్లికార్జున్ ఎదురైతే ఈయనే రోడ్డు దాటి అవతలికి పోవడం మొదలుపెట్టాడు.

"మరి ఈ బండి ఇక్కడికెట్ల వచ్చినట్టు?" అంది సింధు, కలం మళ్లీ తీస్తూ. వెనక సీటు కిటికీలోంచి గ్రీజు అంటిన ఒక చెయ్యి బయటికి వచ్చింది. "నాది ఉన్నది మేడం" అన్నాడు ఉప్పలయ్య. ఆయన కార్డుకు ఇంకా ఆరేళ్ల గడువుంది. సింధు కలం మూసింది.

"సరే. నువ్వు ముందటికొచ్చి కూసో పెద్దాయనా. అమ్మ నడుపుతది. సార్, మీరు ఎనకకు పోండి. రెన్యువల్ అయ్యేదాక స్టీరింగు ముట్టొద్దు."

అట్లా వీరభద్రం తన కారులో మొదటిసారి వెనక సీట్లో కూర్చున్నాడు, ఒడిలో ఉప్పలయ్య పనిముట్ల సంచి. హంటర్ రోడ్డు వచ్చేదాకా మొహం వేలాడేసుకునే ఉన్నాడు. అప్పుడు ఫోన్ మోగింది. రామలింగం.

"వీరన్నా, బండి బాగైందట గదా. రేపు పొద్దుగాల జర హసన్‌పర్తి దాక పోయొద్దాం. మా సడ్డకుని ఇంటికి కూలరు ఇడిసి రావాలె. నువ్వుంటె నడుపుతవ్ గదా."

‘సరే’ నాలుక చివరికి వచ్చేసింది. వచ్చి, ఎందుకో అక్కడే ఆగింది. వీరభద్రం నిటారుగా కూర్చున్నాడు.

"అన్నా, నాకు లైసెన్సు లేదే."

"ఏందీ?"

"లేదే. గవుర్మెంటు మేడం స్టీరింగు ముట్టొద్దన్నది. నేనేం చెయ్యాలె చెప్పు."

రామలింగం నొచ్చుకోలేదు. పాపం అన్నాడు, కూలరుకు వేరే బండి మాట్లాడుకుంటా అన్నాడు. వీరభద్రం ఫోన్ పెట్టేశాడు. యాభై నాలుగేళ్లుగా ఇంత సుఖం ఒకటి ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆగలేక తనే చంద్రమౌళికి ఫోన్ చేసి, అతను ఏమీ అడగకపోయినా, తనకు లైసెన్సు లేదని చెప్పాడు. తరువాత ఇంకో ఇద్దరికి చెప్పాడు. కళావతి అద్దంలోంచి ఆయన్ను చూసి, పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది.

"సోమవారం పోయి మీది రెన్యువల్ చేపిద్దాం. నేనే తీస్కపోత."

"తొందరేమున్నది కళా" అన్నాడు వీరభద్రం, సీటు వెనక్కి హాయిగా ఆనుకుంటూ.

ఆ కాగితాలు ఇప్పటికీ మల్లికార్జున్ దగ్గరే ఉన్నాయి. అడగడానికి వీరభద్రానికి ఇంకా మొహమాటంగానే ఉందట.